కొర్నేలీ: కైసరయలోని శతాధిపతి

శతాధిపతి అంటే ఎవరని అడిగితే, నూరుమంది సైనికుల మీద అధికారి అని మన ఆదివారపు బడిలోని చిన్న పిల్లలు సైతము చెప్పగలరు. శతము అంటే నూరు, అధిపతి అంటే పైవాడు. కన్నడ బైబిలులోను, మరాఠీ బైబిలులోను ఇదే మాట ఉన్నది. తమిళములో నూఱ్ఱుక్కు అధిపతి అంటారు. పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన మన పిల్లలు బడిలో ఏ భాష చదువుకున్నా ఈ మాట దగ్గర మాత్రము తడబడరు. అయితే ఆ నూరు అన్న లెక్క విషయములో కాస్త ఆగవలసి ఉన్నది. అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయములో మనకు కనబడే కొర్నేలీ చేతి క్రింద నూరుమంది ఉండి ఉండరు. ఆ కాలపు లెక్క ప్రకారము ఎనభై మంది ఉండేవారు.

రోమీయుల లాటిను భాషలో నూరును కెంతుమ్ అంటారు. నూరుమంది గుంపు కెంతూరియ, దాని నాయకుడు కెంతూరియో. క్రికెట్టు ఆటలో మనవారు నిత్యము అనే సెంచరీ కూడా ఈ మాట పిల్లే. రోమునకు ఆరవ రాజైన సెర్వియుస్ తుల్లియుస్ (సంప్రదాయము ప్రకారము క్రీ.పూ. 578 నుండి 535 వరకు) పౌరులందరిని ఆస్తినిబట్టి శతములుగా విభజించాడని రోమా చరిత్రకారుడు లీవీ వ్రాశాడు. యుద్ధము వచ్చినప్పుడు ఆ శతములలోనుండే సైనికులు రావాలి, ఎన్నికలలో ఆ శతము చొప్పుననే ఓటు వేయాలి. అంటే మొదట ఇది సైన్యానికి మాత్రమే చెందిన మాట కాదు, ఊరి లెక్కకు సంబంధించిన మాట కూడా. తరువాత యుద్ధపు తీరు మారింది, పటాలపు కూర్పు మారింది, లెక్క అరవైకి దిగింది, ఆపైన ఎనభై దగ్గర నిలిచింది. పేరు మాత్రము నూరుగానే మిగిలిపోయింది.

పేతురు, పౌలుల కాలములో ఆ కూర్పు ఇలా ఉండేది. ఒకే గుడారములో పడుకొని, ఒకే తిరగలిలో గోధుమ విసురుకొని తినే ఎనిమిదిమంది ఒక జట్టు. అటువంటి పది జట్లు కలిస్తే ఒక శతము. ఆరు శతములు ఒక పటాలము, అంటే 480 మంది. పది పటాలములు ఒక సేన. మన బైబిలులో లెగియోను అని చదువుతున్నది ఈ సేన పేరే. సేనలో అందరి కంటె పెద్ద శతాధిపతి మొదటి పటాలములోని మొదటి శతమునకు నాయకుడు. ఆ స్థానానికి చేరినవాడు రిటైరు అయ్యేటప్పటికి ఊరిలో పెద్దమనిషే. శతాధిపతి క్రింద అతనికి సహాయకుడొకడు, ధ్వజము మోసేవాడొకడు, రాత్రి కాపలా సంకేతపు మాట చేరవేసేవాడొకడు ఉండేవారు. పటాలము మీద సహస్రాధిపతి ఉంటాడు. యెరూషలేములో పౌలును గుంపు చేతిలోనుండి తప్పించిన క్లౌదియ లూసియ ఆ హోదావాడు.

శతాధిపతిని దూరమునుండే గుర్తుపట్టవచ్చును. శిరస్త్రాణము మీది కుచ్చు చెవినుండి చెవికి అడ్డముగా ఉంటుంది. మామూలు సైనికుడు కత్తిని కుడిప్రక్కన కడితే ఇతడు ఎడమప్రక్కన కడతాడు. చేతిలో ద్రాక్షతీగె కర్ర ఒకటి ఉంటుంది. ఆ కర్ర అలంకారము కాదు. క్రీ.శ. 14లో దనూబె నది ప్రాంతపు సేనలు తిరగబడినప్పుడు లూసిల్లియుస్ అనే శతాధిపతిని సైనికులు చంపివేశారు. ఒకని వీపు మీద కర్ర విరిగితే మరొకటి తెమ్మని అడిగే అలవాటు అతనికి ఉండేదట. సైనికులు ఆ అడగడాన్నే అతనికి ముద్దుపేరుగా పెట్టారని తాకితుస్ అనే చరిత్రకారుడు చెప్పాడు. ఇంకొక దురాచారము కూడా ఉండేది. పాకీపని, కట్టెలు కొట్టే పని, మట్టి పని తప్పించుకోవాలంటే సైనికుడు తన శతాధిపతి చేతిలో డబ్బు పెట్టాలి. సంవత్సరానికి 225 దేనారములు జీతముగా గలవాడు అందులోనుండి లంచము తీయాలి. క్రీ.శ. 69లో ఒథో చక్రవర్తి ఆ మామూలును తన ఖజానానుండి చెల్లించి సైనికులను తప్పించవలసి వచ్చిందంటే ఆ వాడుక ఎంతగా వేళ్లూనిందో ఊహించుకోవచ్చును.

ఇవన్నీ ఎందుకు చెప్పుచున్నామంటే, కొర్నేలీ ప్రజలకు బహు ధర్మము చేసేవాడని లూకా వ్రాసిన మాటను మనము ప్రసంగాలలో చాలా తేలికగా దాటిపోతుంటాము. అందరి జీతములలోనుండి తీసుకొనే ఉద్యోగములో ఉండి ఇతడు ఇచ్చే చెయ్యిగా ఉన్నాడు. అందులోను ఎవరికి? తన పటాలము ఎవరిని అణచి ఉంచడానికి అక్కడ దిగిందో ఆ యూదులకు.

కొర్నేలీ పుట్టుక గురించి లేఖనములో ఏమీ లేదు. పేరునుబట్టి కొందరు ఇతనిని రోములోని గొప్ప కొర్నేలియుస్ వంశస్థునిగా చెప్పుతారు. ఆ వాదన మాకు బలముగా కనబడదు. క్రీ.పూ. 81 ప్రాంతములో సుల్లా అనే నియంత, తాను చంపించిన శత్రువుల దాసులలో పదివేలమందికి పైగా విడుదల చేసి పౌరసత్వమిచ్చాడు. వారందరు అతని వంశనామమైన కొర్నేలియుస్ అన్న పేరే పెట్టుకున్నారు. అందువలన ఆ పేరు గలవాడు ప్రభువుల మనుమడు కావచ్చును, విడుదల పొందిన దాసుని మనుమడు కూడా కావచ్చును.

అతడు ఇటలీ పటాలములోనివాడని లూకా చెప్పాడు. అలాంటి పేరు గల పటాలమొకటి సిరియా దేశపు సైన్యములో ఉన్నదని చూపే సమాధిరాయి ఒకటి దొరికింది. అది ఆస్ట్రియా దేశములో దనూబె ఒడ్డున ఉన్న కార్నుంతుములో బయటపడింది. దాని మీద ప్రోకులుస్ అనే వాని పేరు ఉన్నది. రబీలు కుమారుడు, నేటి అమ్మాను పట్టణమైన ఫిలదెల్ఫియవాడు, రెండవ ఇటలీ పటాలములో శతాధిపతికి సహాయకుడు, ఇరువదియారేండ్ల వయస్సులో చనిపోయాడు. క్రీ.శ. 69 నాటి అంతర్యుద్ధములో సిరియా సైన్యముతో అంత దూరము నడచివచ్చినవాడని పండితుల అభిప్రాయము. పేరుకు ఇటలీ పటాలమే గాని అందులో సిరియా ప్రాంతపు బిడ్డలు కూడా చేరిపోయారన్న మాట.

కైసరయ విషయము మరచిపోకూడదు. హేరోదు మహారాజు క్రీ.పూ. 22లో మొదలుపెట్టి పన్నెండేండ్లలో ఈ పట్టణాన్ని కట్టించి, ఔగుస్తు కైసరు పేరు పెట్టాడు. సహజమైన రేవు లేని తీరములో సముద్రములోకి గోడలు కట్టి రేవును తయారు చేశారు. నీటిలోనే గట్టిపడే కాంక్రీటు కోసము అగ్నిపర్వతపు బూడిదను ఇటలీనుండి ఓడలలో తెప్పించారు. రేవులోనికి వచ్చే నావికునికి ముందుగా కనబడేది కైసరు గుడి. క్రీ.శ. 6 తరువాత రోమా అధిపతులు కాపురముండినది యెరూషలేములో కాదు, ఇక్కడే. 1961లో ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులు ఇక్కడి నాటకశాలలో త్రవ్వుచుండగా పొంతి పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది. పట్టణములో యూదులు ఒకవైపు, గ్రీకు మాటలాడే సిరియా ప్రజలు మరొకవైపు. ఒకరంటే ఒకరికి పడదు. క్రీ.శ. 66లో ఆ పగ పగిలినప్పుడు ఒక్క గంటలో ఇరువదివేలమంది యూదులు చంపబడ్డారని యోసేపు అనే యూదా చరిత్రకారుడు వ్రాశాడు. లెక్కలో ఆయన ధారాళముగా ఉండేవాడనుకున్నా, జరిగినది సంహారమే.

అటువంటి ఊరిలో ఒక రోమా సైన్యాధికారి ఇంటిల్లిపాదితో యూదుల దేవునికి ప్రార్థన చేస్తున్నాడు. సున్నతి పొందలేదు గనుక యూదుడు కాలేదు. విగ్రహములను విడిచాడు గనుక తనవారికి పూర్తిగా చెందినవాడు కాదు. ఇటువంటివారిని దేవునికి భయపడువారని లూకా పిలిచాడు. లూకా ఈ వర్గాన్ని తానే కల్పించాడని ఒకప్పుడు కొందరు పండితులు వాదించారు. 1976లో టర్కీ దేశములోని అఫ్రొదీసియాలో, యూదుల సమాజమందిరానికి సంబంధించిన రాతిస్తంభమొకటి దొరికింది. దాని మీద యూదుల పేర్లు ఒక జాబితాగా, దేవునికి భయపడువారి పేర్లు వేరే జాబితాగా ఉన్నవి. ఆ రాయి కొర్నేలీకి ఎన్నో తరముల తరువాతిదైనా, ఆ వాదన మునుపటి బలముతో నిలువలేకపోయింది.

క్రీ.శ. 40కి కాస్త అటూ ఇటూగా ఒక దినాన పగలు ఇంచుమించు మూడు గంటలకు, యెరూషలేము దేవాలయములో సాయంకాలపు బలి అర్పించే వేళకు, కొర్నేలీ ప్రార్థనలో ఉండగా దేవదూత అతనికి కనబడ్డాడు. యొప్పేకు మనుష్యులను పంపి పేతురు అనే సీమోనును పిలిపించుకోమన్నాడు. ఇంటి గుర్తు కూడా చెప్పాడు: సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇల్లు. శతాధిపతి ఇద్దరు పనివారిని, తన దగ్గర ఎల్లప్పుడు ఉండే భక్తిగల సైనికునొకనిని పిలిచి, జరిగినదంతా వారికి వివరించి మరీ పంపాడు. ఆజ్ఞ ఇచ్చి ఊరుకోవడమే అలవాటైన ఉద్యోగములో పనివారికి విషయమంతా విప్పి చెప్పడము చిన్న సంగతి కాదు.

అప్పటికి ఫిలిప్పు అనే సువార్తికుడు సముద్రతీరపు ఊళ్లన్నిటిలో ప్రకటించుకుంటూ కైసరయ వరకు వచ్చాడని ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. సమరయవారికి, ఐతియొపీయుడైన నపుంసకునికి బాప్తిస్మమిచ్చినవాడు ఆయనే. మరి ఆయన చేత కాక, ఏబది కిలోమీటర్ల దూరముననున్న పేతురును పిలిపించడమెందుకు? మాకు తోచినదేమంటే, ఫిలిప్పు మారవలసిన అవసరము లేదు. మారవలసినవాడు పేతురు. యెరూషలేము సంఘము నమ్మవలసి వచ్చినప్పుడు ఎవరి మాట నమ్ముతుందో ఆ మనిషే స్వయముగా ఆ గడప దాటాలి.

పేతురు అప్పటికే సగము దాటి ఉన్నాడు. చర్మకారుని ఇల్లంటే చచ్చిన పశువుల తోళ్లు, సున్నపు తొట్లు, వాసన. శుద్ధాచారము పాటించే యూదుడు అక్కడ బస చేయడు. మన తెలుగు బాప్తిస్టులకు ఈ ఇంటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన సంఘపు తొలి తరమువారిలో ఎందరో తోలుపని చేసుకొని బ్రతికినవారే. వారి కథలతో క్లౌ దొరసానిగారైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ఆంగ్ల పుస్తకపు పేరులోనే చెప్పులు కుట్టడమన్న మాట ఉన్నది. అటువంటి ఇంటి మిద్దె మీద మరునాడు పట్టపగలు పన్నెండు గంటలకు ఆకలితోనున్న పేతురుకు దుప్పటి దర్శనము వచ్చింది. నాలుగు చెంగులు పట్టి దింపిన ఆ దుప్పటిలో శుద్ధమైనవి, అశుద్ధమైనవి అన్ని జంతువులు ఉన్నవి. చంపి తినమన్న ఆజ్ఞకు పేతురు మూడు మారులు ఒప్పుకోలేదు. ఆ కలవరములో ఉండగానే క్రింద వాకిట ముగ్గురు మనుష్యులు అతని పేరు చెప్పి అడుగుచున్నారు.

వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చాడు. రోమా సైనికుడు, యూదా అపొస్తలుడు, చర్మకారుడు ఒక్క కప్పు క్రింద పడుకున్న రాత్రి అది. లూకా దానిని ఒక్క వాక్యములో ముగించాడు. మరునాడు పేతురు ఒంటరిగా పోలేదు. యొప్పేలోని సహోదరులను ఆరుగురిని వెంటబెట్టుకున్నాడు. రాబోయే గొడవను ఆయన ముందే ఊహించినట్లున్నది. పదిమంది తీరమార్గాన నడచి, తరువాతి దినాన కైసరయలో ప్రవేశించారు.

కొర్నేలీ బంధువులను, ముఖ్య స్నేహితులను పిలిచి ఇల్లు నింపి ఉంచాడు. పేతురు రాగానే అతని పాదముల మీద పడ్డాడు. రోమా అధికారి, తన ఇంటిలో, తన క్రిందివారందరు చూచుచుండగా, ఏలబడే జాతికి చెందిన ఒక జాలరి కాళ్ల మీద పడడమంటే ఏమిటో ఆ కాలములో ఎవరికీ వివరించనక్కరలేదు. పేతురు అతనిని లేవనెత్తి తాను కూడా మనిషినేనన్నాడు. యూదుడు అన్యుని ఇంట చేరకూడదన్న నియమము అందరికి తెలిసినదేనని, అయితే ఏ మనుష్యునిని నిషేధింపదగినవాడని అనవద్దని దేవుడు తనకు చూపించాడని మొగమాటము లేకుండా చెప్పాడు. తరువాత యేసు జీవితము, సిలువ మరణము, పునరుత్థానము క్రమముగా చెప్పసాగాడు. ప్రసంగము పూర్తి కాలేదు. వినుచున్నవారందరి మీదికి పరిశుద్ధాత్మ దిగింది. పేతురుతో వచ్చిన సున్నతి గలవారు విభ్రాంతి పొందారు. పెంతెకొస్తు దినాన తమ మీదికి వచ్చినదే వీరి మీదికి వచ్చింది. ఇక వీరికి నీళ్లు ఆటంకము చేయగలవాడెవడని పేతురు అడిగాడు. ఆరుగురిలో ఎవరూ నోరు విప్పలేదు. యేసుక్రీస్తు నామమందు వారు బాప్తిస్మము పొందారు.

ఇంటివారందరు బాప్తిస్మము పొందారన్న మాటను పట్టుకొని, అందులో చంటిబిడ్డలు కూడా ఉండి ఉంటారని మన ఇరుగుపొరుగు సంఘములవారు వాదిస్తుంటారు. ఈ అధ్యాయమును శ్రద్ధగా చదివితే వరుస స్పష్టముగానే ఉన్నది. వారు విన్నారు, ఆత్మను పొందారు, దేవుని ఘనపరచుచు మాటలాడారు, ఆ తరువాతనే నీళ్లలోనికి దిగారు. నోరెరుగని పసివారి సంగతి ఇక్కడ కనబడదు. ఇది మనము గట్టిగానే చెప్పవచ్చును. అయితే ఈ వరుస మనకు కూడా కొంత ఇబ్బంది కలిగించేదే. బాప్తిస్మమునకు ముందు ఎన్ని నెలలు కనిపెట్టాలి, కమిటీ ఎన్నిసార్లు ప్రశ్నించాలి అని నియమములు చేసుకున్న మనకు, ఒక్క పూటలో ఒక సైన్యాధికారి ఇల్లంతటిని నీళ్లలోనికి దింపిన పేతురు కాస్త తొందరపడినట్లే కనబడవచ్చును.

గొడవ యెరూషలేములో మొదలైంది. గమనించవలసినదేమంటే, సున్నతి పక్షమువారు పేతురు మీద వేసిన నేరము బాప్తిస్మమిచ్చినందుకు కాదు. సున్నతి లేనివారి ఇంటికి పోయి వారితో కలిసి భోజనము చేసినందుకు. నీళ్ల దగ్గర లేని అభ్యంతరము అన్నము దగ్గర వచ్చింది. దీనిని మన పెద్దలు ఎరుగుదురు. ఒంగోలులో పని మొదలైన క్రొత్తలో, మాదిగలను చేర్చుకోకుంటే తాము సంఘములోనికి వస్తామని అగ్రకులస్థులు క్లౌ దొరగారితో అన్నారు. ఏమి చేయాలో తోచక ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని, లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న ఆ భాగమును బట్టి వారు తీర్మానము చేసుకున్నారని మన సంఘ చరిత్ర. కైసరయలో తలుపు తట్టినది పైవాడు, ఒంగోలులో తట్టినది క్రిందివాడు. లోపల కూర్చున్నవారి ప్రశ్న మాత్రము రెండు చోట్ల ఒకటే.

పేతురు వాదించలేదు. జరిగినది మొదటినుండి వరుసగా చెప్పి, వెంట వచ్చిన ఆరుగురిని సాక్షులుగా చూపించాడు. వారు అప్పటికి ఊరుకున్నారు. పూర్తిగా మాత్రము తెగలేదు. క్రీ.శ. 49 ప్రాంతములో యెరూషలేము సభలో అదే ప్రశ్న తిరిగి వచ్చినప్పుడు పేతురు మరల ఈ ఇంటి సంగతినే, పేరు చెప్పకుండా, గుర్తుచేశాడు. అదే పేతురు అంతియొకయలో యెరూషలేమువారు రాగానే అన్యుల బంతిలోనుండి లేచిపోయాడని, తాను ముఖాముఖిగా ఎదిరించానని పౌలు గలతీయులకు వ్రాశాడు. కైసరయలో తిన్న మనిషికే మరొక ఊరిలో జంకు కలిగింది.

కొర్నేలీ విషయము పదకొండవ అధ్యాయముతో లూకా ముగించాడు. రెండు అధ్యాయములలో కలిపి 66 వచనములు ఇచ్చిన తరువాత అతని పేరు మరల ఎత్తలేదు. ప్రతి యేడు చక్రవర్తి పేర ప్రమాణము చేసి, ధ్వజముల ముందు నిలువవలసిన ఉద్యోగమును బాప్తిస్మము తరువాత అతడు విడిచాడా, విడువమని పేతురు అడిగాడా అన్న ఒక్క మాట కూడా లూకా వ్రాయలేదు. ఆ ప్రశ్న సంఘమును చాలాకాలము వెంటాడింది. క్రీ.శ. 298లో ఉత్తర ఆఫ్రికాలోని సైన్యములో మర్కెల్లుస్ అనే శతాధిపతి చక్రవర్తుల జన్మదినోత్సవమున ధ్వజముల ముందు తన నడికట్టును, ద్రాక్షకర్రను నేలకు విసరి, తాను క్రీస్తుకే సేవ చేసే సైనికుడనన్నాడు. అక్టోబరు 30న టాంజియరులో అతని తల తీశారు. సిలువ దగ్గర నిలిచినవాడు, కపెర్నహూములో దాసుని కొరకు బ్రతిమాలినవాడు, పౌలును ఓడలో కాపాడిన యూలి, వీరంతా తమ ఉద్యోగములోనే మనకు కనబడతారు. మర్కెల్లుస్‌కు మాత్రము ఆ కర్రను పట్టుకొని ఉండడము సాధ్యము కాలేదు.

కొర్నేలీ తరువాత కైసరయకు అధ్యక్షుడయ్యాడని నాలుగవ శతాబ్దపు ఒక సంఘ నియమావళి చెప్పుచున్నది. జక్కయ్య మొదటివాడట, ఇతడు రెండవవాడట. గ్రీకు సంఘముల సంప్రదాయము ఇతనిని చిన్న ఆసియాలోని స్కెప్సిస్ పట్టణమునకు పంపుతుంది. ఇవి భక్తుల ప్రేమకొద్ది పెరిగిన కథలుగానే మేము తీసుకుంటాము. ఒక్కటి మాత్రము పట్టుకొనదగినది. క్రీ.శ. 385 ప్రాంతములో పౌలా అనే రోమా స్త్రీ తన ఐశ్వర్యమును విడిచి పరిశుద్ధ దేశమునకు వచ్చినప్పుడు కైసరయలో ఆగింది. అక్కడ ఆమె ఫిలిప్పు ఇంటిని, ప్రవచించే అతని నలుగురు కుమార్తెల గదులను, సంఘముగా మారిన కొర్నేలీ ఇంటిని చూచిందని ఆమె చరిత్ర వ్రాసిన జెరోము చెప్పాడు. బంధువులతో, స్నేహితులతో అతడు నింపి ఉంచిన ఆ ఇంటిని మూడు వందల యేండ్లు దాటిన తరువాత కూడా ఊరివారు వచ్చినవారికి చూపించుచుండేవారు.